గొట్టానికి ముందు మూడు నిమిషాలు

ఐసీయూలో కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లకు, శ్వాసనాళంలో గొట్టం వేయడానికి వాడే లారింగోస్కోప్ ఎప్పుడు చేతికొస్తుందా అన్న ఆత్రం. నేను వాళ్లకు ముందు మాస్కు పట్టడం నేర్పుతాను. ముక్కు పక్కన చిన్న సందున్నా, గుబురు గడ్డం అడ్డమొచ్చినా బయటి గాలి లోపలికి చొరబడుతుంది. ఆక్సిజన్ మీటరు 15 లీటర్లు చూపిస్తున్నా రోగికి అందేది అంత ఉండదు.

గొట్టం వేయడానికి మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇచ్చాక ఊపిరి ఆగిపోతుంది. గొట్టం పడేదాకా ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే దిక్కు. అది పెద్దవాళ్లలో సుమారు రెండున్నర లీటర్లు. మామూలు గాలైతే అందులో ఆక్సిజన్ అర లీటరుండొచ్చు, శరీరం నిమిషానికి పావు లీటరు ఖర్చు చేస్తుంది. మూడు నిమిషాలపాటు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే నైట్రోజన్ బయటికి పోయి ఆ చోటంతా ఆక్సిజనే నిండుతుంది. నల్లా ఆగిపోయేలోగా బిందెలు నింపుకున్నట్టు. ఆరోగ్యవంతుడికైతే ఎనిమిది నిమిషాల దాకా వ్యవధి దొరుకుతుంది.

న్యుమోనియా ముదిరి వచ్చినవాళ్లకు ఆ వ్యవధి ఉండదు. ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలు మూసుకుపోయి, అటు వెళ్లిన రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగొస్తుంది. అలాంటివాళ్లకు బిగుతైన మాస్కుతో, యంత్రం ద్వారా ఒత్తిడితో ఆక్సిజన్ పంపాలి. 2024లో వెలువడిన ప్రీయాక్సీ అధ్యయనంలో 1,301 మంది రోగులున్నారు. మామూలు ఆక్సిజన్ మాస్కు పెట్టినవాళ్లలో 18.5 శాతం మందికి ఆక్సిజన్ స్థాయి 85 శాతం కంటే కిందికి జారింది. ఒత్తిడితో ఇచ్చినవాళ్లలో 9.1 శాతం మందికే. ఆ యంత్రం చాలా ఐసీయూల్లో మూలన ఉండనే ఉంటుంది. మంచం తలవైపు 20, 30 డిగ్రీలు ఎత్తడానికైతే పైసా ఖర్చులేదు. పొట్ట బరువు ఊపిరితిత్తుల మీద పడకుండా ఉంటుంది. అయినా హడావిడిలో ఎక్కువగా మరిచిపోయేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే.

ఆయాసంతో తల్లడిల్లే మనిషి మాస్కు లాగిపారేస్తాడు. అది మొండితనం కాదు, మెదడుకు ఆక్సిజన్ చాలకపోవడం. చేతులు కట్టేసే బదులు, ఊపిరి ఆగకుండా కొద్దిగా కెటమిన్ ఇచ్చి, శాంతించాక ఆక్సిజన్ నింపే పద్ధతి ఉంది.

"ఇంకా పైపు వేయలేదేంటి డాక్టర్‌గారూ?" అని బయట బంధువులు అడుగుతారు. వాళ్ల భయం న్యాయమైనదే. ఒకరు బయటికెళ్లి, వేసే ముందు ఆక్సిజన్ ఎక్కిస్తున్నామని చెప్పిరావాలి.

ఒక్క మాట జూనియర్లకు పదేపదే చెబుతాను. ఆక్సిజన్ స్థాయి చూపే వేలి క్లిప్పులో అంకె అర నిమిషం వరకూ వెనకబడే చూపిస్తుంది. 90 కిందికి దిగితే ఆ తర్వాత పతనం నిట్టనిలువు. అందుకే 93 కనబడగానే ప్రయత్నం ఆపి, మళ్లీ మాస్కు పెట్టండి.