నాడె పేరు, నాడె వయసు: ఆదోని, ఎమ్మిగనూరు పాత పరికరాల కాలనిర్ణయంలో వృత్తిపదకోశం ఉపయోగం, పరిమితి

వృత్తిపదాల అధ్యయనం తెలుగులో ప్రధానంగా భాషాశాస్త్ర విషయంగానే సాగింది. పదం సూచించే వస్తువు ఏది, అది ఏ కాలానిది అనే ప్రశ్నలు వెనకబడ్డాయి. మగ్గం మానేసిన ఇళ్లలో పాత పరికరాలు వంటచెరకుగానో పాతసామానుగానో పోతున్న స్థితిలో ఈ ప్రశ్నలను ఇక వాయిదా వేయడానికి వీలులేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం చేనేత సంపుటం ఇందుకు ఎంతవరకు తోడ్పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గుర్తింపు

పేరు తెలియని కొయ్యముక్కను పోల్చుకోవడానికి ఈ సంపుటాన్ని మించిన ఆధారం అరుదు. పుస్తకాల్లోకి ఎక్కని మాటలను నేతగాళ్ల నోటినుంచే సేకరించడం దాని బలం. అయితే ప్రాంతభేదాలను నేటి జిల్లాల హద్దులతో చదవకూడదు. ఆదోని 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసిన ఆ సీమ పదాలను కేవలం కర్నూలు మాండలికంగా లెక్కించడం చరిత్రకు సరిపడదు.

కాలనిర్ణయం

మాండలిక కోశం స్వభావరీత్యా ఏకకాలికం. సేకరించిన నాటి వాడుకను అది నమోదు చేస్తుంది. వస్తువు వయసు చెప్పడం దాని లక్ష్యం కాదు. చిక్కంతా ఆ తేడాను మరచినప్పుడే వస్తుంది. ‘నాడె’ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పదం 1852 నాటి బ్రౌను నిఘంటువులోనే ఉంది. అంతమాత్రాన ఎమ్మిగనూరులో దొరికిన ప్రతి నాడె ఆ కాలానిది కాదు. చేత్తో విసిరి, రెండో చేత్తో అందుకునే పాత నాడె తేలికైనది. తాడు లాగితే పరుగెత్తే నాడె బరువైనది. దెబ్బకు ఓర్చేలా దాని కొనలకు లోహపు మొనలు ఉంటాయి. ఈ రెండవ పద్ధతిని ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టినా, మద్రాసు ప్రెసిడెన్సీలో అది విరివిగా వ్యాపించింది 20వ శతాబ్దిలోనే. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ వంటి అధికారులు దాన్ని ప్రోత్సహించారు. వస్తువు మారింది, పేరు నిలిచింది. కాబట్టి నాడె వయసుకు పూర్వావధిని నిర్ణయించేది పదం కాదు, కొనలోని లోహం.

పన్నె విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒక పుంజానికి 120 పోగుల చొప్పున లెక్కిస్తే దానిమీద ఎంత సన్నని బట్ట నేశారో తెలుస్తుంది. ఎప్పుడు నేశారో తెలియదు. వెదురుపుల్లల పన్నె పాతదనీ, ఉక్కు పన్నె కొత్తదనీ స్థూలంగా అనవచ్చు. కానీ రెండూ పక్కపక్కనే వాడుకలో ఉన్న కాలం ఉంది. మరమ్మతులో చేరిన మేకు కూడా పరికరం పుట్టిన కాలాన్ని చెప్పదు, దాని వాడుక కొనసాగిన కాలాన్ని మాత్రమే చెబుతుంది.

పత్తికి పేరుపడ్డ ఆదోనిలో దూది ఏకే విల్లు మరో హెచ్చరిక. చూపుకు అది అతి ప్రాచీనం. జిన్నింగు మిల్లులు వచ్చాక కూడా పరుపులు, బొంతలు కుట్టేవారి చేతుల్లో అది బతికింది. దూదేకుల, పింజారి అనే పేర్లు ఆ పనికి రెండు సాక్ష్యాలు. రూపం ఎంత పాతదైనా, చేతికందిన విల్లు ఇటీవలిదే కావచ్చు.

ముగింపు

పేరును బట్టి వయసు కట్టే అలవాటు నేతగాడిని మార్పులేని మనిషిగా చూపుతుంది. మాచాని సోమప్ప నాయకత్వంలో 1938లో సహకార సంఘం కట్టుకున్న ఎమ్మిగనూరు నేతగాళ్ల చరిత్రకు అది అన్యాయం. వృత్తిపదకోశాన్ని మొదటి సాక్షిగా పిలవాలి, తీర్పరిగా కూర్చోబెట్టరాదు. ఇకపై సేకరించే ప్రతి పరికరానికీ స్థానిక నామం, కొలతలు, లోహభాగాలు, అరుగుదల, మరమ్మతుల జాడ, చివరిసారి వాడినవారు చెప్పిన పని వేర్వేరుగా నమోదు కావాలి. అప్పుడే పదచరిత్ర, వస్తుచరిత్ర ఒకదానినొకటి సరిదిద్దగలవు.