చెయ్యి దాచుకున్న తోట

కొన్ని తోటలు చూడగానే ఎవరో వేశారని తెలిసిపోతుంది. నడుమ నీటి కాలువ, ఇరుపక్కలా ఒక్క ఎత్తున చెట్లు, తాడు పట్టి కొలిచినట్టు దారులు. మొఘలుల తోటలు అలాంటివి. వాటి అందం ఆ లెక్కలోనే ఉంది. ఇంకో రకం తోటలున్నాయి. వాటిలో అడుగుపెడితే ఈ నేల ఎప్పట్నుంచో ఇలాగే ఉందేమో, తర్వాతెవరో వచ్చి చుట్టూ కంచె వేసుకున్నారేమో అనిపిస్తుంది. అక్కడ పనితనమంతా వేసిన చెయ్యి కనపడకుండా చూసుకోవడంలోనే ఉంటుంది. అలాంటి తోటలో కూర్చుని బొమ్మ గీస్తే ఆ దాచిన చెయ్యి ఎలా బయటపడుతుందో ఈ వారం చెప్పాలనుంది.

అమెరికాలోని సియాటిల్‌లో, ఊరికి వాయవ్యాన, బ్రాడ్‌వ్యూ అనే పేటలో డన్ గార్డెన్స్ ఉంది. ఆర్థర్ డన్ అనే వ్యాపారి వేసవి విడిది కోసం అక్కడ స్థలం తీసుకుని, 1915లో ఓల్మ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ చేత తోట వేయించుకున్నాడు. ఓల్మ్‌స్టెడ్ అనే పేరు తోటల ప్రపంచంలో చాలా పెద్దది. కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపమిచ్చిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ ఆ ఇంటి పెద్ద. ఆయన తమ్ముడి కొడుకు, ఆయన దగ్గరే కొడుకుగా పెరిగినవాడు జాన్ చార్లెస్. పెద్దాయన కన్నుమూసిన 1903లోనే జాన్ చార్లెస్ ఆ సంస్థ తరఫున సియాటిల్ వచ్చి, ఊరి పార్కులన్నిటికీ కలిపి ఒక ప్రణాళిక తయారుచేశాడు. ఈ రోజు సియాటిల్‌కు పచ్చని ఊరని పేరుందంటే అందులో ఆ ప్రణాళిక పాలు చాలా ఉంది. ఊరి పని మీద వచ్చిన సంస్థను చూసి డబ్బున్న కుటుంబాలు తమ ఇళ్లకూ తోటలు వేయించుకున్నాయి. డన్ తోట అలా పుట్టిందే.

ఆర్థర్ కొడుకు ఎడ్వర్డ్ డన్ తన వంతు భూమిలో చెట్ల నీడన పెరిగే మొక్కలను ఏళ్ల తరబడి ప్రేమగా పెంచాడు. ఆయన పేరు మీదే ఒక ట్రస్టు ఇప్పుడు తోటను చూసుకుంటోంది. చుట్టూ ఇళ్లున్న వీధి కాబట్టి ఎప్పుడంటే అప్పుడు లోపలికి పోనివ్వరు. ముందుగా అడిగి, వేళ ఖాయం చేసుకుని వెళ్లాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది. వందేళ్ల తోట జనం తొక్కిడిని ఎంత తట్టుకోగలదో దాన్ని పెంచేవాళ్లకే కదా తెలుస్తుంది.

వసంతకాలంలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అక్కడి స్కెచింగ్ బృందంతో కలిసి వెళ్లాను. ఊళ్లో తిరుగుతూ, కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నచోటే కూర్చుని గీసే ఈ అలవాటుకు అర్బన్ స్కెచింగ్ అని పేరు. దాన్ని లోకమంతా పాకించినవాడు సియాటిల్‌లోనే పత్రికా రచయితగా పనిచేసిన గాబ్రియేల్ కాంపనారియో. స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డాడు. 2007లో ఆన్‌లైన్లో చిన్న బృందంగా మొదలుపెట్టాడు, ఇప్పుడు ఎన్నో దేశాల్లో శాఖలున్నాయి. వాళ్ల నియమాల్లో మొదటిది ఫొటో చూసి గీయకూడదని. చలి వేసినా, చినుకు పడినా, దోమలు కుట్టినా అక్కడే కూర్చుని గీయాలి.

ఆ నియమం ఎందుకో ఈ తోటలో బాగా అర్థమవుతుంది. లోపలికి వెళ్లగానే పెద్ద పచ్చిక బయలు. దాని చుట్టూ ఆకాశాన్ని అంటే డగ్లస్ ఫర్ చెట్లు, వాటి కింద రోడోడెండ్రాన్ పొదలు. చేతిలో ఫోనుంటే ఎవరైనా ఒక ఫొటో తీసి, బాగుందని ముందుకు సాగిపోతారు. పెన్ను పట్టుకున్నవాళ్లకు ఆ వీలు లేదు. పచ్చిక ఎక్కడ ఆగింది? ఆ అంచు గీత ఎటు పోతోంది? గీయాలంటే జవాబు కావాలి. నేను అంచు వెంబడి పెన్ను నడిపిస్తూ వెళ్లాను. గీత మెల్లగా ఎడమకు ఒంగి ఒక పొద వెనక్కి పోయి మాయమైంది. తోట ఎక్కడ ముగిసిందో కంటికి ఆనడం లేదు. పొద ఓ రెండు గజాలు పక్కకు ఉండి ఉంటే చివర కనపడేది, బయలు సగానికి కుంచించుకుపోయినట్టుండేది. ముగింపు దాయడం కోసమే ఆ పొద అక్కడుంది. దారీ అంతే. ఎక్కడ తిన్నగా సాగితే అవతలి కొస కనపడుతుందో సరిగ్గా అక్కడే మలుపు తిరుగుతుంది. ఆ చివర్ల గురించి పెన్ను అడిగేదాకా నేనూ ఇదంతా నేల తీరే అనుకున్నాను.

నా పక్కన కూర్చున్న అమ్మాయిది కాకినాడ. సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాగితం తెల్లగానే పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఆంటీ, అంతా పచ్చే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు."

"మొదలు సంగతి తర్వాతమ్మా. ఏది గీయకుండా వదిలేస్తావో ముందు అనుకో."

కాసేపు చూసి, "ఆకులన్నీ వదిలేస్తా. చెట్ల మధ్య వెలుతురు మాత్రం గీస్తా" అంది. అంతే చేసింది. చుట్టూ ముదురు రంగు నింపి, నడుమ కాగితాన్ని తెల్లగా ఉంచేసింది. చెట్ల సందున అవతల వెలుగు ఎక్కడెక్కడ చొరబడుతోందో ఆ బొమ్మలో ఎంత స్పష్టంగా తెలిసిందో! ఆ సందులూ ఊరికే ఏర్పడ్డవి కావు. ఈ తోట వేసినవాళ్లు ఏ చెట్టు ఉంచాలో ఎంత ఆలోచించారో, ఎక్కడ ఖాళీ వదలాలో అంతే ఆలోచించారు.

పచ్చరంగు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే తోటల బొమ్మలు ఎక్కువగా అక్కడే చెడతాయి. చిన్నప్పుడు మనందరి చేతుల్లో తిరిగిన కామెల్ పెట్టెలోని పచ్చబిళ్లను నేరుగా పూస్తే చెట్టు ప్లాస్టిక్‌లా మిగులుతుంది. పచ్చను కలుపుకోవాలి. ఫర్ చెట్ల చీకటి పచ్చకు అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా, పైన కొసరు పసుపు. ఎండ సోకిన లేత గడ్డికి ముందు పసుపు, అందులో నీలం చుక్క. సియాటిల్ మబ్బు పట్టిన ఊరు, నీడలు గట్టిగా పడవు. అందుకని దగ్గరివాటిని వెచ్చగా, దూరపువాటిని నీలంగా వేస్తేనే లోతు తెలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువ. ఒక పూత ఆరేదాకా రెండోది వేయడానికి లేదు. ఆ ఎదురుచూపులో మళ్లీ చూస్తాం. మన ఎండలో క్షణంలో ఆరిపోయే కాగితం ఇవ్వని తీరిక అది.

రంగు ఆరేలోపు చెట్ల కిందికి నడిచాను. ఎరిత్రోనియం అనే అడవి లిల్లీలు అక్కడ గుంపులు గుంపులుగా పూసి ఉన్నాయి. మోకాలి ఎత్తైనా లేని మొక్క. నేలను అంటుకుని రెండు ఆకులు, వాటి మీద లేడిపిల్ల ఒంటి మీద ఉన్నట్టు మచ్చలు. సన్నని కాడ పైకి లేచి చివర్లో ఒంగుతుంది, పువ్వు నేల చూస్తూ వేలాడుతుంది. ఆరు రేకులూ వెనక్కి, పైకి తిరిగి ఉంటాయి. నిలబడి చూస్తే పువ్వు వీపే కనపడుతుంది. దాని ముఖం గీయాలంటే తడి నేల మీద మోచేతులు ఆన్చి, కింద నుంచి చూడాలి. అలా చూస్తే లోపల గొంతు దగ్గర పసుపు, అందులోంచి కిందికి చాచిన కేసరాలు. ఆ పక్కనే ట్రిల్లియం. మూడు ఆకులు, మూడు రేకులు, రేకుల వెనక మూడు పచ్చని రక్షక పత్రాలు. తెల్లగా విచ్చుకుని, ముదిరేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతుంది. విత్తనం నుంచి మొదటి పువ్వు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇలాంటి మొక్కలను గుంపులుగా చూడాలనుకున్న మనిషికి ఎంత ఓపిక ఉండాలో ఊహించుకోండి.

అనుకున్న వేళకు అందరం తిరిగొచ్చి పుస్తకాలు తెరిచి గడ్డి మీద పరిచాం. దీన్ని వాళ్లు త్రోడౌన్ అంటారు. పేర్లు చెప్పుకోవడం, మార్కులు వేయడం ఉండదు. వంగి చూస్తారు, ఏ పెన్ను వాడారని అడుగుతారు, అంతే. నాకు స్కెచింగ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఆ రోజు మరీను. ఒకాయన దారి మలుపు ఒక్కటే గీశాడు. ఒకావిడ చెట్ల కొసలు ఆకాశంతో కలిసే గీతను ఈ చివర నుంచి ఆ చివరకు రెండు పేజీల మీదుగా లాగింది. ఒకరు మొదళ్లు, ఒకరు పొదల వరుస. కాకినాడ అమ్మాయి వెలుతురు సందులు గీసింది. విడిగా ఏ బొమ్మలోనూ తోట లేదు. పక్కపక్కన పెట్టేసరికి 1915 నాటి ఆలోచన విడివిడి భాగాలుగా గడ్డి మీద పరిచినట్టయింది. ఒక్కదాన్నే వెళ్లి ఉంటే నాకు దక్కేది పచ్చిక అంచు, ఆ పొద మాత్రమే.

ఆ తోటకు నేల చదును చేస్తున్న రోజుల్లోనే మన రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే విద్యార్థుల చేత బొమ్మలు వేయిస్తున్నాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవాళ్లే. దామెర్ల 1925లో, ముప్పై ఏళ్లైనా నిండకుండా పోయాడు. గోదావరి ఒడ్డును, అక్కడి మనుషులను కళ్లారా చూసి గీసిన చెయ్యి అది. కాబట్టి ఆరుబయట కూర్చుని గీయడం మనకు కొత్తగా నేర్పాల్సిన విద్యేమీ కాదు.

హైదరాబాద్‌లో సెలవు రోజు పొద్దున్నే చార్మినార్ దగ్గరో, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరో స్కెచ్ పుస్తకాలతో కూర్చున్న కుర్రాళ్లు కనపడుతుంటారు. చూస్తే ప్రాణం లేచొస్తుంది. వాళ్లను ఒకటి అడగాలనుంది. కట్టడాలు గీస్తున్నారు సరే, పెరళ్లు కూడా గీయండి. కాకినాడలో, బందరులో, విశాఖలో పాత బంగళాల వెనక పొగడ, సంపెంగ, పనస చెట్లతో పెరళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. బావి గట్టు ఎటు ఉంది, తులసికోట ఎక్కడుంది, ఏ చెట్టు నీడ ఏ వేళ వరండా మీద పడేలా నాటారు, ఇవన్నీ ఎవరో ఒకరు ఆలోచించి చేసినవే. ఓల్మ్‌స్టెడ్ తోటలకు కాగితం మీద ప్రణాళికలున్నాయి. మన పెరళ్లు వేసిన మామ్మలూ తాతలూ కాగితం మీద పెట్టిపోలేదు. స్థలం చేతులు మారి అపార్టుమెంటు లేస్తే ఆ ఆలోచన ఆనవాలు లేకుండా పోతుంది.

ఆ ఇళ్లకు టిక్కెట్టు ఉండదు, తలుపు తట్టాలి. నలుగురైదుగురికి మించకుండా, ముందురోజే వెళ్లి పెద్దవాళ్లను అడగండి. గీయడానికి వచ్చామంటే కాదనేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. చెట్టు ఎవరు నాటారో అడిగి, ఆ పేరు, తేదీ, ఊరు బొమ్మ కిందే రాయండి. వచ్చేటప్పుడు ఒక బొమ్మ ఆ ఇంటివాళ్లకు ఇచ్చి రండి.