ముప్పై ఆరో గది

శుక్రవారం పొద్దున దోహాలోని మా నజ్మా పేట ఆలస్యంగా నిద్రలేస్తుంది. పాత సామాన్ల బజారు సూక్ హరాజ్‌లో బేరమాడి తెచ్చిన పాత టీవీ ముందు మా రూమ్ వాళ్లం చేరతాం. పోయినవారం ‘ది 36త్ చాంబర్ ఆఫ్ షావోలిన్’ పెట్టాను. 1978లో లావ్ కార్-లియుంగ్ తీసిన హాంకాంగ్ సినిమా. కరాటే నేర్చుకుంటున్న పక్క ఫ్లాటు పిల్లాడు పది నిమిషాలకోసారి అడుగుతూనే ఉన్నాడు: “అంకుల్, ఫైటింగ్ ఎప్పుడు?”

ఇప్పట్లో లేదు నాన్నా. పగ తీర్చుకోవాలని మఠానికొచ్చిన హీరో గోర్డన్ లియూ చేత అక్కడ నీళ్లు మోయిస్తారు. చాచిన చేతులు కాస్త దించాడా, జబ్బలకు కట్టిన కత్తులు డొక్కలో గుచ్చుకుంటాయి. సినిమా నడిమి భాగమంతా ఇదే తంతు. చివరి ఫైట్లు నేను ఎప్పుడో మరిచిపోయాను, ఆ నీళ్ల మోత మరుపు రాలేదు.

నాదీ ఒకప్పుడు ఆ పిల్లాడి తొందరే. 1999లో ‘తమ్ముడు’లో పవన్ కళ్యాణ్ వేళ్ల మీదుగా కారు పోవడం చూసి మా వీధి కుర్రాళ్లమంతా కరాటే క్లాసులో చేరాం. మాస్టారు నెలన్నరపాటు కిబాదాచిలోనే నిలబెట్టారు. గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి, కదలకుండా. తొడలు భగ్గుమనేవి. పసుపు బెల్టు రాకముందే మానేశాను. మూడు నెలల ఫీజు నాన్న ముందే కట్టేశారు, అది వేరే గొడవ.

జాకీ చాన్ మాత్రం చిన్నతనంలో పదేళ్లు పెకింగ్ ఒపేరా బడిలో ఒళ్లు వంచాడు. అందుకే ‘డ్రంకెన్ మాస్టర్’లో దర్శకుడు యువెన్ వూ-పింగ్ కెమెరాను దూరంగా పెట్టి, తల నుంచి పాదం దాకా మనిషినంతా చూపించగలిగాడు. ‘మేట్రిక్స్’ ఫైట్లు నేర్పిందీ ఆయనే. మన సినిమాల్లో దెబ్బకో కట్, కట్‌కో దుమ్ము. తగిలిందో లేదో తెలిసేలోపే రౌడీ గాల్లో ఉంటాడు. నాకు రుచించదు.

మా రూమ్‌లో ఏసీ మెకానిక్ ఒకాయన ఉన్నాడు. సినిమాలంటే పెద్ద ఆసక్తి లేదు. నీళ్ల సీను మాత్రం రెండోసారి వేయించుకున్నాడు. “మా మేస్త్రీ కూడా మొదటి ఏడాదంతా నాచేత సామాను మోయించాడు, స్పానర్ ముట్టనివ్వలేదు” అన్నాడు.

ఆ షావోలిన్ సినిమా కథలో మఠానికున్నవి 35 గదులే. బయటి మామూలు జనానికీ విద్య నేర్పడానికి హీరో పట్టుబట్టి పెట్టింది ముప్పై ఆరోది.

ఈ శుక్రవారం ‘డ్రంకెన్ మాస్టర్’. నజ్మాలో ఉంటే రండి. చెప్పులు గుమ్మం బయటే విడవండి, లోపల చోటు తక్కువ.