ఆలుబుఖారాకు నేరేడు చెల్లదు

బొమ్మల పుస్తకాన్ని తెలుగు చెయ్యడం తేలికనుకుంటారు, పేజీకి రెండు ముక్కలేగా అని. కష్టమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ఒక మాట తప్పితే కప్పిపుచ్చడానికి పక్కన ఇంకో వాక్యం ఉండదు.

ఎరిక్ కార్ల్ 1969లో చేసిన 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' చూడండి. గొంగళిపురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పేర్స్, బుధవారం మూడు ప్లమ్స్ తింటుంది. తిన్నచోటల్లా పేజీకి నిజంగానే బొక్క. దీన్ని మా వైపు మోమిన్‌పేట్ అంగన్‌వాడీలో చదవాలనుకోండి. ప్లమ్‌ని ఏమనాలి? రంగు కలిసిందని అల్లనేరేడు అంటే, బొమ్మ మీదే కళ్లున్న పిల్ల "గింత పెద్దగుంటదా?" అంటుంది. అనంతగిరి కొండల సీతాఫలం పెట్టాలని మనసు లాగుతుంది కానీ బొమ్మ ఒప్పుకోదు. నవల అనువదించేవాళ్లకు ఈ కాపలా లేదు. నా మటుకు పండ్లబండి మాటలే మేలు: ఆలుబుఖారా, నాష్‌పతి. ఉర్దూ నుంచి వచ్చినవే, అయితేనేం? బేరిపండు అంటే ఇటువైపు నిఘంటువు తియ్యాలి.

వారాలదీ అదే తంటా. పుస్తకం గురువారం అంటుంది, ఇంట్లో అవ్వ బేస్తారం అంటుంది. నేనైతే అచ్చులో గురువారమే ఉంచి, చదివేవాళ్లను నోటితో మార్చుకోనిస్తాను. తండా పిల్లల ఇంటిమాట లంబాడీ. వాళ్లకు రెండూ కొత్తే.

ఇక పేజీ తిప్పడం. ఇంగ్లీషు వాక్యం 'తలుపు వెనక ఉంది ఒక...' అన్నట్టు ఆగి, తిప్పగానే పులిని చూపిస్తుంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది: తలుపు వెనక పులి ఉంది. పులి ముందే బయటపడింది, తిప్పితే మిగిలేది 'ఉంది' ఒక్కటే! అందుకే 'తలుపు వెనక ఉన్నది...' దగ్గర పేజీ తెంపాలి. తిప్పాక, పులి. వ్యాకరణం కాస్త వంగినా పిల్లల ఊపిరి ఆ చుక్కల దగ్గరే ఆగుతుంది.

కొన్నిచోట్ల తెలుగుదే పైచేయి. గుటుక్కున, బుడుంగున, కరకర లాంటి మాటలు మనకు కొల్లలు. నక్కకు 'మిస్టర్' తగిలించక్కర్లేదు, బావ ఉన్నాడు. ఒకటే హెచ్చరిక: బొమ్మలో పురుగు గుటుక్కున మింగుతూ కనిపిస్తుంటే 'మింగింది' అని మళ్లీ రాయొద్దు. ఆ శబ్దం చాలు.

ఈ పని మనకు కొత్తేం కాదు. విమర్శకుడు రారా, రచయిత ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. రారా 'అనువాద సమస్యలు'కు 1988లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పిల్లల పుస్తకం ముట్టుకునేవాళ్లు ముందది చదవాలి. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ అలనాటి సోవియట్ పిల్లల కథలను మళ్లీ అచ్చేసింది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా అనువదించొచ్చు. ఆ తలుపు తెరిచినందుకు సంతోషమే, కానీ అచ్చయ్యే ముందు ఒక్కసారైనా పైకి చదివి ఉంటే బాగుండేదనిపించేవీ అక్కడ తగులుతాయి.

మళ్లీ గొంగళిపురుగు దగ్గరికి. ఇది కంది పండే నేల. ఇక్కడి పిల్లలకు పచ్చపురుగు తెలుసు, అది కాయకు పెట్టే బొక్కా తెలుసు. పేజీ బొక్కలో వేలు దూర్చి, "మందు కొట్టలేదా?" అని అడిగారే అనుకోండి. దానికి జవాబు అనువాదంలో ఉండదు. పుస్తకం ఒళ్లో పెట్టుకున్నవాళ్లే ఏదో ఒకటి చెప్పుకోవాలి.