గాలిని చిన్నది చేయలేం

మా గరాజ్‌లోకి వచ్చిన తెలుగువాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "ఇంత పెద్దదెందుకండీ?" గోడకు ఆనించి ఉన్న రెక్కల్ని చూసి అడుగుతారు. ఆ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 2.25 మీటర్లు. అది స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆకాశాన్ని కాచిన ఫైటర్ విమానానికి అయిదో వంతు నమూనా. 55 సీసీ పెట్రోలు ఇంజను, ఎగరడానికి సిద్ధం చేస్తే పది కిలోల బరువు. నడిపేది నేల మీద నిలబడి, చేతిలోని ట్రాన్స్‌మిటర్‌తో.

నేనుండేది సౌతాంప్టన్‌లో. స్పిట్‌ఫైర్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. ఆర్.జె. మిచెల్ డిజైనర్‌గా పనిచేసిన సూపర్‌మెరీన్ కంపెనీ ఇక్కడి వూల్‌స్టన్‌లో ఉండేది. మొట్టమొదటి విమానం 1936 మార్చి 5న ఈస్ట్‌లీలో గాల్లోకి లేచింది. మరుసటి ఏడాదే మిచెల్ కాన్సర్‌తో పోయాడు, 42 ఏళ్లకే. ఆ తర్వాత ఇరవై వేలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారయ్యాయి. ఆయన ఎగరగా చూసింది ఆ మొదటి ఒక్కదాన్నే.

పెద్దదెందుకన్న ప్రశ్నకు సరదా కోసమనో పిచ్చి అనో చెప్పి తప్పించుకోవడం నాకిష్టం లేదు. దానికి గట్టి కారణమే ఉంది.

విమానాన్ని అయిదో వంతుకు కుదించామనుకోండి. పొడవు అయిదో వంతు అవుతుంది. రెక్క వైశాల్యం 25వ వంతు, బరువు 125వ వంతు అవుతాయి. గాలి మాత్రం మారదు. భూమి ఆకర్షణా మారదు. ఈ రెండూ మన స్కేలును పట్టించుకోవు. తొలినాటి స్పిట్‌ఫైర్ పోరుకు బయల్దేరేటప్పుడు దాదాపు 2,700 కిలోలుండేది. దాన్ని 125తో భాగిస్తే 21.6 కిలోలు. ఆ బరువుతో చేసిన నమూనా అసలు విమానం వేగంలో అయిదో వంతుతో ఎగరలేదు. వేగం తగ్గేది స్కేలుకు వర్గమూలంలోనే, అంటే సుమారు 2.24 రెట్లే. అసలుది గంటకు 140 కిలోమీటర్ల వేగంతో నేలకు దిగుతుంటే, నమూనా 60కి పైగా వేగంతో దిగాలి.

ఇందులో చిక్కంతా మన కంటికే. అసలు స్పిట్‌ఫైర్ పొడవు 9.1 మీటర్లు. దిగే వేగంలో అది తన పొడవంత దూరం దాటడానికి సెకనులో పావు వంతు పడుతుంది. కంటికి ఆ లెక్క తెలియకపోయినా ఆ నిదానం తెలుస్తుంది. ఒక చేత్తో ఎత్తగలిగే పదహారో వంతు నమూనా అదే దూరాన్ని, అంటే తన పొడవును, సెకనులో ఆరు శాతం కాలంలోనే దాటేస్తుంది. అందుకే చిన్న నమూనా ఎంత అందంగా రంగులేసినా గాల్లోకి లేవగానే తూనీగ అయిపోతుంది. మలుపు తిరిగేటప్పుడు రెక్క వంచి, ఒక క్షణం ఆగినట్టుగా ఆగి, బరువుతో ఒరిగే ఆ ఠీవి దానికి రాదు. ఠీవి కావాలంటే స్కేలు పెంచాలి, బరువు తగ్గించాలి. నా విమానం లెక్క ప్రకారం ఉండాల్సిన 21.6 కిలోలకు బదులు పది కిలోలే ఉంది కాబట్టి, గంటకు 45 కిలోమీటర్లకు అటూఇటూగా కూడా గాల్లో నిలుస్తుంది. చూసేవాళ్ల కంటికి నిజం విమానంలా అనిపించేది ఆ వేగంలోనే.

ఇంకో కారణం గాలికున్న జిగట. చిన్న రెక్కకు గాలి చిక్కగా తగులుతుంది, తొందరగా పట్టు వదిలేస్తుంది. దీన్ని కొలిచే లెక్కకు ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. దిగే వేగంలో అసలు స్పిట్‌ఫైర్‌కు ఆ సంఖ్య 50 లక్షల దాకా ఉంటే, నా దానికి మూడు లక్షలు, పదహారో వంతు దానికి 80 వేలు. ఈ సంఖ్య తగ్గేకొద్దీ రెక్క చెప్పాపెట్టకుండా స్టాల్ అవుతుంది, అంటే ఎత్తి ఉంచే శక్తి కోల్పోతుంది. ఒక పక్క వాలిపోయి, బొంగరంలా తిరుగుతూ నేలకు వస్తుంది.

కాబట్టి ఈ పనిలో అసలు విద్య పెద్దగా చేస్తూనే తేలిగ్గా చేయడం. పెద్దగా చేయడం ఎవరికైనా వస్తుంది. చెక్క ఎక్కువ పెడితే చాలు. తేలిక మాత్రం చేయి అలవాటు పడితేగానీ రాదు.

బాల్సా చెక్కను నేను మొదట తాకింది సికింద్రాబాద్‌లో, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కుర్రాడిగా. ఇప్పటికీ మన దగ్గర చాలామంది పిల్లలకు ఏరోమోడలింగ్ పరిచయమయ్యేది అక్కడే. ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వచ్చే ఈ చెక్క చూడ్డానికి మామూలు చెక్కలాగే ఉంటుంది, ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టుంటుంది. అయితే ఒకే కొలత పలకలు రెండు తూస్తే ఒకటి మరోదానికి రెట్టింపు బరువుండొచ్చు. అందుకే నేను ప్రతి పలకనూ వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి, గ్రాములు పెన్సిల్‌తో మూల మీద రాసి, కట్టలు కడతాను. గట్టివి రెక్క మొదలుకు, ముక్కుకు. అన్నిటికంటే తేలికవి తోకకు. తోక దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటే స్పిట్‌ఫైర్‌కు ముక్కు పొట్టి. తూకం నిలిచే బిందువు నుంచి తోక ఎంత దూరమో ముక్కు అంత దూరం లేదు. తోకలో వంద గ్రాములు పెరిగితే, తూకం కుదరడానికి ముక్కులో దానికి రెండు మూడు రెట్లు సీసం పెట్టాలి. ఆ సీసం ఏ పనీ చేయదు. ఊరికే మోయాలి.

రెక్క దగ్గరికి వస్తే, స్పిట్‌ఫైర్ రెక్క కోడిగుడ్డు వంపులో ఉంటుంది. చూసిన ఎవరికైనా కళ్లు నిలిచిపోయే వంపు అది. చేసేవాడికి మాత్రం దాని అర్థం వేరు. ఒక రెక్కలోని రిబ్బుల్లో, అంటే పక్కటెముకల్లాంటి చెక్కముక్కల్లో, ఏ రెండూ ఒకే కొలతలో ఉండవు. అసలు విమానం కట్టిన కార్మికులు కూడా ఈ రెక్క దగ్గరే ఎక్కువ కాలం తంటాలు పడ్డారు. ప్లాన్ కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద మైనపు కాగితం వేసి, ఒక్కో రిబ్బునూ గుండుసూదులతో నిలబెట్టి జిగురు పెడతాను. రెక్క మొదలు నుంచి కొసకు వెళ్లేకొద్దీ రెండున్నర డిగ్రీలు మెలి తిప్పాలి. అసలు విమానంలోనూ అంతే: మొదలు దగ్గర గాలికి ఎదురుగా రెండు డిగ్రీలు పైకి, కొస దగ్గర అర డిగ్రీ కిందికి. ఈ మెలి వల్ల రెక్క మొదలు ముందుగా స్టాల్ అవుతుంది, విమానం వణికి పైలట్‌ను హెచ్చరిస్తుంది, కొసలు ఇంకా గాలిని పట్టుకునే ఉంటాయి. ఎందరో కుర్ర పైలట్ల ప్రాణాలు నిలబెట్టిన మెలి అది. కంటికి కనిపించదు. ప్లాన్‌లో ఉన్న కొలతల ప్రకారం చెక్కముక్కలు కింద పేర్చి, జిగురు పూర్తిగా ఆరేదాకా రెక్కను బల్లకు కట్టిపడేస్తేనే వస్తుంది. రెండు రెక్కల్లో మెలి ఒకేలా రాకపోతే ఆ విమానాన్ని నేను గాల్లోకి పంపను.

పైన పలకలు అతికాక ఉప్పుకాగితం పని. ఇది నాకు ఎంతో ఇష్టమైన పని. చెక్క మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకుంటే, కంటికి దొరకని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి. పల్లాల్లో పలచగా లప్పం, మళ్లీ ఉప్పుకాగితం, దాని మీద సన్నని గ్లాస్ బట్ట పరిచి రెజిన్. రెజిన్ పూసిన తర్వాత వీలైనంత తుడిచేయాలి. బట్ట నేత కనిపించాలి గానీ మెరుపు కనిపించకూడదు. మెరిసిందంటే అవసరం లేని బరువు మిగిలిందన్నమాట.

ఇక్కడే నమూనాలు చేసే మా వాళ్లలో ఒక పెద్ద వాదన ఉంది. కొందరు ప్రతి రివెట్టూ పెడతారు, కాక్‌పిట్‌లో ప్రతి గడియారానికీ ముల్లు పెడతారు. నేల మీద నిలబెట్టి చూస్తే అద్భుతం, చేతులెత్తి దండం పెట్టాల్సిన ఓర్పు. కానీ ఆ ఓర్పంతా కలిసి రెండు మూడు కిలోలయ్యాక ఆ విమానం గాల్లో తొందరపడుతూ, భయపడుతూ ఎగురుతుంది. నా పక్షం ఇటే: వంద అడుగుల దూరం నుంచి కనబడని రివెట్టు కంటే, వంద అడుగుల దూరం నుంచి కనబడే నిదానం గొప్పది.

ఎగరేసే రోజు పని వేరే. మా క్లబ్బు మైదానం ఒక రైతు పొలంలోని గడ్డి నేల. బ్రిటన్‌లో ఇలాంటి విమానం నడిపేవాళ్లు పరీక్ష రాయాలి, నమోదు చేసుకోవాలి, ఆ నంబరు విమానం మీద ఉండాలి. 25 కిలోలు దాటిన వాటికి వేరే తనిఖీలు, అనుమతులు. ఇది అతి అని నేననుకోను. పది కిలోల విమానం గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటే, దాని దెబ్బ పది కిలోల బరువు దాదాపు 40 మీటర్ల ఎత్తు నుంచి పడితే ఉండేంత. అందుకే ఇంజను స్టార్ట్ చేయకముందే రేడియో రేంజి చూస్తాం, బ్యాటరీలు చూస్తాం, సిగ్నలు తెగితే ఇంజను థ్రాటిల్ దానంతటదే తగ్గుతుందో లేదో ట్రాన్స్‌మిటర్ ఆపి మరీ చూస్తాం. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు రాకముందు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు స్విచ్ వేస్తే విమానం పోయేది. మైదానంలో ఒక బోర్డుకు క్లిప్పులు ఉండేవి, క్లిప్పు చేతిలో ఉన్నవాడే ట్రాన్స్‌మిటర్ వేయాలి. ఇప్పుడు ఆ భయం లేదు. క్రమశిక్షణ మాత్రం పోకూడదు.

థ్రాటిల్ ఒక్కసారిగా తోయకూడదు. ప్రొపెల్లర్ తిరిగే వాటం వల్ల విమానం ఎడమకు లాగుతుంది. కుడి రడ్డర్‌తో పట్టుకోవాలి, విమానం నేల విడిచేదాకా వదలకూడదు. స్పిట్‌ఫైర్ చక్రాల మధ్య దూరం తక్కువ, నా నమూనాలో 35 సెంటీమీటర్లే. 2.25 మీటర్ల రెక్కకు ఆ ఆధారం చాలదు. పక్క గాలి వీస్తే రెక్క కొస గడ్డిని తాకుతుంది. అసలు పైలట్లు పడిన కష్టమే ఇదీ. చక్రాలు ముడుచుకుని, ఆ గుడ్డు వంపు రెక్కలు పూర్తిగా కనిపిస్తూ నా ఎదురుగా నిదానంగా ఒరిగినప్పుడు కలిగే ఆనందాన్ని నేను ఎవరి దగ్గరా దాచుకోను. ఆ మలుపు కోసమే ఇదంతా.

యుద్ధవిమానమే ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. నా స్పిట్‌ఫైర్ పక్క మీద యూఎం అనే అక్షరాలుంటాయి. అవి 152వ స్క్వాడ్రన్ గుర్తు. దాని పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన విరాళానికి గుర్తుగా వచ్చిన పేరది. 1940 వేసవిలో అది డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరి పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాచింది, తర్వాత బర్మాలో పోరాడింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం ధరించే దస్తార్.

ఆ చిహ్నాన్ని సన్నని కుంచెతో వేస్తుండగా, జనగామ నుంచి వచ్చిన మా పెద్దనాయిన పక్కన నిలబడి చూశాడు.

"గీ తలపాగ నిజాందేనారా?"

"అవును పెద్దనాయినా. హైదరాబాద్ పేరు మీద ఈడ ఓ స్క్వాడ్రన్ ఉండె."

ఆయన రెక్క మీద చెయ్యి పెట్టాడు. "అంటే మా నాయిన కట్టిన శిస్తు గీడ ఎగిరిందన్నట్టు."

ఆ మాట నన్ను వదల్లేదు. చరిత్ర పుస్తకాల్లో అది నిజాం దానం. ఆ ఖజానా నింపింది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు. తమ శిస్తు ఏ ఆకాశంలో ఏ యుద్ధానికి పోవాలో వాళ్లనెవరూ అడగలేదు. వార్మ్‌వెల్ నుంచి లేచిన ఆ కుర్రాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ఆ ధైర్యం వెనకున్న చేతుల్ని కూడా నా లెక్కలో ఉంచుకుంటాను.

నిజాం విమానాల కథ అంతకు ముందే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి ఏడాది, 1918లో, 110వ స్క్వాడ్రన్‌కు నిజాం డబ్బుతో డీహెచ్‌9ఏ బాంబర్లు కొన్నారు. ఒక్కోదాని మీద ఆయన కానుకని రాశారు. వాటిలో ఎఫ్1010 అనే విమానం ఆ అక్టోబర్‌లో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోలండ్ చేరింది. 1977లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దాన్ని వెనక్కి తెచ్చుకుంది, బదులుగా క్రాకవ్ మ్యూజియానికి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి.

నా తర్వాతి పని ఆ డీహెచ్‌9ఏ. అసలుది 14 మీటర్ల రెక్కలది. అయిదో వంతుకు 2.8 మీటర్లు. పైనా కిందా రెండు రెక్కలు, నడుమ కట్టెలు, తీగలు. రెక్క వైశాల్యం ఎక్కువ కాబట్టి బరువు సరిగా పట్టుకుంటే స్పిట్‌ఫైర్ కంటే నిదానంగా ఎగురుతుంది. తీగల బిగువే రెక్క వాలును నిలబెడుతుంది, అది నేను ఇంతవరకు చేయని పని. తీగలు విప్పకుండానే రెక్కలు ఊడదీసి కారులో పెట్టేలా అమర్చాలి, లేకపోతే మైదానంలో ప్రతిసారీ సగం రోజు వాటిని బిగించడానికే పోతుంది. మ్యూజియంలో ఫొటోలు తీసుకున్నాను. విమానం పక్క మీదున్న ఆ కానుక రాతలో అక్షరాల ఎత్తు ఇంకా కొలవాలి.