‘ఎవడు’: అడగకుండా పెట్టిన ముఖం

2014 సంక్రాంతికి వంశీ పైడిపల్లి ‘ఎవడు’ చూసి ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. విలన్లు బస్సు తగలబెడతారు. కాలిపోయిన సత్య అల్లు అర్జున్. ఆపరేషన్ అయ్యాక లేచినవాడు రామ్‌చరణ్. అప్పట్లో నాకది హీరో ఎంట్రీ, అంతే. మొన్న మళ్లీ చూస్తే ఈల రాలేదు. స్పృహలో లేని ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. డాక్టర్ శైలజ (జయసుధ) చనిపోయిన తన కొడుకు ముఖాన్ని అతనికి పెట్టేసింది. దాత తరఫున సరే అనేదీ ఆవిడే, కత్తి పట్టేదీ ఆవిడే.

బతికించింది కదా అనొచ్చు. కానీ ముఖం గుండె లాంటిది కాదు. అది పాడైనా బతకొచ్చు. కొత్తది పెట్టించుకుంటే మాత్రం, ఒళ్లు దాన్ని పరాయిదని తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు మింగాలి. ఆ మందులు రోగనిరోధక శక్తిని అణచి ఇన్ఫెక్షన్లకీ క్యాన్సర్‌కీ దారిస్తాయి. (ఫైట్ల మధ్య సత్య మాత్రలెప్పుడు వేసుకుంటాడో మరి.)

ప్రపంచంలో మొదటి పాక్షిక ముఖమార్పిడి 2005 నవంబర్‌లో, ఫ్రాన్స్‌లోని అమియాఁలో జరిగింది. ఇజబెల్ దినువార్‌ని అడిగే చేశారు. అయినా గొడవైంది. ఆమె నిద్రమాత్రలు మింగి పడి ఉన్నప్పుడు పెంపుడు కుక్కే ముక్కు, పెదాలు, గడ్డం కొరికేసింది. అలాంటి మనఃస్థితిలో ఉన్న మనిషి చెప్పిన ‘సరే’ చెల్లుతుందా అన్నారు. ఆ వాదన నాకు సగమే నచ్చింది. పెదాలే లేని మనిషికి తెలిసినంత మనకేం తెలుసు? నొయెల్ షాత్లే ఆమె గురించి 2007లో రాసిన ఫ్రెంచి పుస్తకం పేరుకి అర్థం ‘ఇజబెల్ ముద్దు’. ఆశంతా ఆ పేరులోనే ఉంది. అయితే కొత్త గడ్డం మీద ఒక వెంట్రుక మొలిచినప్పుడు, దాన్ని బతికిస్తున్నది తనే అయినా వెంట్రుక మాత్రం ఆ చనిపోయినావిడదే అనుకుందట ఇజబెల్. పదేళ్లకి శరీరం ఆ ముఖాన్ని తిప్పికొట్టి, పెదాల కదలిక కొంత పోయింది. క్యాన్సర్లూ వచ్చాయి. 2016లో, 49 ఏళ్లకి చనిపోయింది.

‘ఎవడు’ తెలియకుండానే ఆ వెంట్రుక దాకా వచ్చింది. తన పగ తీరాక, ముక్కూమొహం తెలియనివాళ్లు సత్యని చంపడానికొస్తారు. ఈ ముఖం ఎవరిదని అతను శైలజ దగ్గరికెళ్తాడు. సినిమా మొత్తంలో నాకు నిజమనిపించింది ఆ ప్రశ్నే. జవాబుగా ఫ్లాష్‌బ్యాకూ ఇంకో పగా దొరుకుతాయి. ఆవిడ చేసింది పేషెంటు కోసమా, కొడుకుని ఇంకొన్నాళ్లు చూసుకోడానికా అన్నది అలాగే ఉండిపోతుంది. నాకైతే ఆ ఫైట్లొద్దు. ఓ పొద్దున సత్య అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే, శైలజ గుమ్మం దగ్గర నిలబడి చూసే సీన్ ఒక్కటి కావాలి.