కట్టనిస్తేనే అది లోకం

1986లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ సంస్థ ‘హ్యాబిటాట్’ అనే ఆన్‌లైన్ ప్రపంచాన్ని ప్రయోగాత్మకంగా నడిపింది. కమొడోర్ 64 కంప్యూటరూ ఫోన్ లైనుకు తగిలించిన మోడెమూ ఉంటే చాలు, ఎక్కడివాళ్లక్కడే ఉండి కార్టూన్ బొమ్మల రూపంలో ఒకే ఊళ్లో తిరగవచ్చు. దాన్ని తయారుచేసిన చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ ఆ ఊరివాళ్ల కోసం మొట్టమొదట ఒక సాహసయాత్రను రూపొందించారు. వంద ప్రదేశాలున్న దీవితో సహా దాన్ని కట్టడానికే వారాలు పట్టింది. జనం రోజుల తరబడి అందులో మునిగిపోతారని అనుకున్నారు. ఒకరు మొదటి పావుగంటలోనే కీలకమైన ఆచూకీ పసిగట్టి, దాదాపు ఎనిమిది గంటల్లో చిక్కుముడి మొత్తం విప్పేశారు. చాలామందికి ఆటలోకి దిగే అవకాశమే రాలేదు. అదే ఊళ్లో నిర్వాహకులు రాయని కథ మరొకటి నడిచింది. దొంగతనాలు, కాల్పులు సాగుతుంటే, నిజ జీవితంలో గ్రీక్ ఆర్థొడాక్స్ మతాచార్యుడైన ఒకాయన అక్కడ చర్చి పెట్టాడు. ఆయుధం పట్టకూడదు, దొంగిలించకూడదు అని తన అనుచరులకు కట్టడి చేశాడు. జనం బాగానే చేరారు. ఊరికి షరీఫ్ అవసరమా, ఉంటే అతనికి ఏ అధికారాలు ఇవ్వాలి అని వాదించుకున్నారు, ఓట్లు వేసి ఒకరిని ఎన్నుకున్నారు. వారాల శ్రమతో కట్టిన కథ ఒక్క పూటలో ముగిసింది. ఊరివాళ్లు తమకు తాము అల్లుకున్న కథ సాగుతూ పోయింది.

ఆ ఇద్దరూ 1990లో తమ అనుభవాన్ని ఒక వ్యాసంగా వెల్లడించారు. అంత పెద్ద లోకాన్ని పైనుంచి అంగుళం అంగుళం ప్రణాళిక వేసి నడపడం అసాధ్యమని, జనం ఏం చేయదలిచారో గమనించి అందుకు తోడ్పడటమే చివరికి తమ పని అయిందని తేల్చారు. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన మంచిచెడ్డలను అంచనా వేయడానికి ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద నాకు కనబడలేదు. వర్చువల్ ప్రపంచం కథకైనా, కళకైనా, చదువుకైనా అక్కరకొచ్చేది అందులో అడుగుపెట్టినవాళ్లకు దాన్ని మార్చే వీలు ఉన్నప్పుడే. చూసి పోవడానికి మాత్రమే రానిచ్చే లోకం ఎంత అందంగా ఉన్నా ఖరీదైన బొమ్మల పుస్తకమే. 2021 అక్టోబర్‌లో ఫేస్‌బుక్ సంస్థ తన పేరు మెటాగా మార్చుకున్నాక చర్చంతా హెడ్‌సెట్ల చుట్టూ, దృశ్యం ఎంత నిజంలా కనబడుతుందన్న దాని చుట్టూ తిరిగింది. ఆ వేడి చల్లారగానే ఇదంతా ఉత్తదేనని తీర్మానించినవాళ్లూ ఉన్నారు. పొంగిపోయినవాళ్లూ పెదవి విరిచినవాళ్లూ లోకాన్ని దాని బొమ్మను బట్టే కొలిచారు. అందులోకి వెళ్లినవాళ్లు అక్కడ ఏం చేయగలరని అడిగినవాళ్లు తక్కువ.

చదువు సంగతే చూడండి. లిండెన్ ల్యాబ్ 2003లో తెచ్చిన ‘సెకండ్ లైఫ్’ అనే ఆన్‌లైన్ లోకంలో తర్వాతి కొన్నేళ్లలో పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు అనేకం స్థలాలు తీసుకుని తమ క్యాంపస్‌లను అచ్చుగుద్దినట్టు కట్టించాయి. లెక్చర్ హాలు, వరసగా కుర్చీలు, ఎదురుగా ఒక తెర. మనిషి గాలిలో ఎగరగలిగే చోట కూడా విద్యార్థి చేయాల్సింది కుర్చీలో కూర్చుని స్లయిడ్లు చూడటమే. అలాంటి భవనాలు చాలావరకు ఖాళీగా మిగిలాయి. దాదాపు ఆ రోజుల్లోనే హార్వర్డ్‌లో క్రిస్ డీడ్ బృందం ‘రివర్ సిటీ’ని నడిపింది. అది జబ్బులతో సతమతమవుతున్న 19వ శతాబ్దపు అమెరికన్ పట్టణం. కొన్ని జబ్బులు నీటివల్ల, కొన్ని గాలివల్ల, కొన్ని కీటకాలవల్ల వస్తుంటాయి. బడి పిల్లలు జట్లుగా అందులోకి వెళ్లి ఊరివాళ్లను అడిగి, నీటి నమూనాలు తీసి, కారణం ఇదై ఉండవచ్చని ఊహించాలి. తర్వాత ఒక్క అంశాన్ని మార్చి, ఆ మార్పు ఉన్న ఊరినీ లేని ఊరినీ పోల్చి చూడాలి. చివరికి ఏం తేలిందో మేయర్‌కు ఉత్తరం రాయాలి. ఇక్కడ పిల్లలు గోడలేమీ కట్టలేదు. కానీ వాళ్లు తీసుకున్న నిర్ణయానికి ఆ ఊళ్లో ఫలితం కనబడింది. మార్చే వీలు అని నేను అంటున్నది దీన్నే.

గోడలు నిజంగానే కట్టిన ఉదాహరణ కావాలంటే నైరోబీ వెళ్లాలి. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ ఆవాసాల విభాగమూ మైన్‌క్రాఫ్ట్ అనే గడులు పేర్చి కట్టే ఆటను తయారుచేసిన స్వీడన్ సంస్థ మోజాంగూ కలిసి ‘బ్లాక్ బై బ్లాక్’ కార్యక్రమం మొదలుపెట్టాయి. తొలి ప్రయత్నాల్లో ఒకటి నైరోబీలోని కిబెరా మురికివాడలో ఆటస్థలాన్ని బాగుచేయడం. పద్ధతి సులువైనది. ఆ చోటును ముందుగా మైన్‌క్రాఫ్ట్‌లో కట్టి ఉంచుతారు. స్థానికులు ఇద్దరు ముగ్గురు ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని, మెట్లు ఎక్కడ, దీపాలు ఎక్కడ, కూర్చునే అరుగులు ఎక్కడ అని వాదించుకుంటూ తమ ఆలోచనను కట్టి చూపిస్తారు. ఆ నమూనా ఆధారంగా అధికారులూ ఆర్కిటెక్టులూ అసలు ప్లాన్ గీస్తారు. హనోయ్ శివార్లలో బాలికలు తమకు రాత్రిపూట భయంగా ఉండే దారులు ఎలా మారాలో ఇదే విధంగా చూపించారు. బ్లూప్రింట్ చదవడం రానివాళ్లు ప్రణాళికా సమావేశంలో సాధారణంగా నోరు విప్పలేరు. అక్కడ వాళ్లు ఇంజినీర్‌కు వేలుపెట్టి చూపించి ‘ఇది ఇక్కడ వద్దు’ అనగలిగారు. మోటు గడులతో కట్టిన బొమ్మ అది, నిజంలా ఉండనే ఉండదు. అయినా దానితో నిజమైన స్థలం మారింది.

కథా, కళా కూడా ఇదే దారిలో బతికాయి. కోవిడ్ లాక్‌డౌన్‌లో బ్రిటన్ థియేటర్లు మూతపడితే ఇద్దరు నటులు, సామ్ క్రేన్, మార్క్ ఊస్టర్‌వీన్, తుపాకుల మోతతో నిండిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్’లో హామ్లెట్ నాటకం వేయడానికి పూనుకున్నారు. రిహార్సల్ మధ్యలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కాల్చేసేవారు. ఆకాశనౌక మీద పెట్టుకున్న సన్నివేశంలో నటులు జారి కింద పడేవారు. ఆ ప్రయత్నమే 2024లో ‘గ్రాండ్ థెఫ్ట్ హామ్లెట్’ అనే డాక్యుమెంటరీగా వచ్చింది. చావు గురించి ఎడతెగకుండా ఆలోచించే నాటకాన్ని చావుకు విలువే లేని ఊళ్లో ఆడటం వల్ల దానికి కొత్త అర్థం వచ్చింది. ఆ అర్థాన్ని గేమ్ కంపెనీ రాసివ్వలేదు, ఆడినవాళ్లు తెచ్చారు. చైనా కళాకారిణి త్సావ్ ఫెయ్ అంతకు ముందే సెకండ్ లైఫ్‌లో ‘ఆర్‌ఎంబీ సిటీ’ అనే తేలియాడే నగరాన్ని కట్టింది. అందులో బీజింగ్ టీవీ భవనం క్రేన్‌కు వేలాడుతుండేది. 2009లో తలుపులు తెరిచి 2011 దాకా ఆమె దాన్ని నడిపింది. నగరానికి మేయర్లను మార్చి మార్చి పెట్టింది, ఇతర కళాకారులను పిలిచి వాళ్లతో పనులు చేయించింది. తన దేశంలో రాత్రికి రాత్రి లేస్తున్న నగరాల గురించి ఆమె చెప్పదలచిన మాటకు, నలుగురూ వచ్చి కట్టగలిగే ఊరే తగిన రూపమైంది.

చేతికి పనిముట్లిచ్చి వదిలేస్తే పిల్లలు నేర్చుకుంటారా అన్నది మొదటి అభ్యంతరం. ఇది బలమైన అభ్యంతరమే, దీనికి రుజువూ ఉంది. 1990ల మధ్యలో ఎంఐటీలో ఏమీ బ్రక్‌మన్ ‘మూస్ క్రాసింగ్’ అనే అక్షరాల లోకాన్ని పిల్లల కోసం తయారుచేసింది. బొమ్మలుండేవి కావు, అంతా రాతే. అందులో పిల్లలు వస్తువులనూ జంతువులనూ సృష్టించి, అవి ఎలా ప్రవర్తించాలో కోడ్ రాసేవారు. కొందరు అబ్బురపరిచే పనులు చేశారు. కానీ ఆమె బృందమే తర్వాత నిజాయితీగా లెక్క చూస్తే, చాలామంది పిల్లలు ప్రోగ్రామింగ్ పెద్దగా నేర్చుకోలేదని తేలింది. ముందే కాస్త వచ్చినవాళ్లు ఇంకా ముందుకెళ్లారు, రానివాళ్లు కబుర్లతో సరిపెట్టుకున్నారు. దాంతో బలవంతం పెట్టకుండానే పిల్లలను ముందుకు నడిపేలా, ఒక్కో మెట్టుకూ ఒక్కో బ్యాడ్జీ ఇచ్చే పద్ధతి తెచ్చారు. స్వేచ్ఛ చాలదనీ, ఉపాధ్యాయుడు కావాలనీ దీన్నిబట్టి ఒప్పుకోవాలి. స్వేచ్ఛను తీసేయాలన్న వాదనకు మాత్రం ఇందులో బలమేమీ లేదు. కుర్చీల వరస ముందు స్లయిడ్లు వేసే ఉపాధ్యాయుడి కంటే, పిల్లవాడి కోడ్ ఎందుకు పనిచేయలేదో పక్కన కూర్చుని చూసే ఉపాధ్యాయుడి అవసరమే ఇక్కడ ఎక్కువ.

ఇలాంటి లోకాలు తప్పుడు విషయాలు నేర్పుతాయన్నది రెండో అభ్యంతరం. అదీ నిజమే. మైన్‌క్రాఫ్ట్‌లో చదునైన నేల మీద బకెట్ నీళ్లు పోస్తే ఏడు గడుల దూరం పారి ఆగిపోతాయి. రెండు గడుల పొడవు, రెండు గడుల వెడల్పు గుంట తవ్వి ఎదురెదురు మూలల్లో చెరో బకెట్ పోస్తే అది ఎన్నటికీ ఎండదు, ఎంత తోడినా నిండుతూనే ఉంటుంది. అనంతపురం పిల్లలకు ఈ నీళ్లు చూపించి ఏం నేర్పుతాం? నా దృష్టిలో పాఠం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువులను ఒక తరగతి ఈ గడులతో కట్టిందనుకుందాం. కట్ట ఎక్కడ వేయాలి, తూము ఏ ఎత్తులో పెట్టాలి, పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు ఏ దారిన వెళ్లాలి అన్నది పిల్లలే తేల్చుకోవాలి. ఆటలో నీళ్లు నిజం నీళ్లలా ప్రవర్తించవు కాబట్టి, ఎన్ని బకెట్లు వచ్చాయి, ఆయకట్టుకు ఎన్ని పోయాయి అన్నది కాగితం మీద లెక్క కట్టుకోక తప్పదు. నమూనా ఎక్కడ అబద్ధం చెబుతోందో కనిపెట్టడం సైన్సు చదువులో పెద్ద మెట్టు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడికి వర్చువల్ టూర్ తయారుచేస్తామంటే డబ్బు పెట్టేవాళ్లు సులువుగా దొరుకుతారు. ఆ గుడి పక్కనే ఉన్న రామప్ప చెరువును పిల్లలచేత కట్టిస్తే అంతకంటే ఎక్కువ నేర్చుకుంటారని నా వాదన.

భద్రత సంగతేమిటని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి. 1993లో ‘లాంబ్డామూ’ అనే అక్షరాల లోకంలో ఒక సభ్యుడు ఇతర పాత్రల మీద లైంగిక హింసను రాతలో జరిపించాడు. అది ఉత్త రాతే కదా అని బాధితులను తీసిపారేయడం కుదరదని ఆనాడే అర్థమైంది. ఆ ఘటన తర్వాత అక్కడ సభ్యులే అర్జీలు పెట్టి, ఓటు వేసి నియమాలు చేసుకునే ఏర్పాటు వచ్చింది. మార్చే అధికారం ఇస్తే పాడుచేసే అధికారమూ ఇచ్చినట్టే. 2014లో డెన్మార్క్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ దేశం మొత్తాన్ని అసలు కొలతలతో మైన్‌క్రాఫ్ట్‌లో పెట్టి అందరికీ తెరిచింది. డైనమైట్ వాడకుండా కట్టడి చేసినా, దాన్ని పట్టాల మీద నడిచే బండిలో పెట్టి పేల్చే దారి కొందరు కనిపెట్టి కొంతభాగాన్ని కూల్చారు. దీనికి మందు తలుపులు మూయడంలో లేదు, లోకాన్ని చిన్నది చేయడంలో ఉంది. ప్రపంచమంతా వచ్చిపోయే సర్వర్‌లో పిల్లలను వదలడం వేరు, ఒకే తరగతివాళ్లు, ఒకరి పేరు ఒకరికి తెలిసినవాళ్లు, టీచర్ ఎదుట కట్టుకునే లోకం వేరు. అక్కడ ఒకరి కట్ట ఇంకొకరు తెగ్గొడితే మర్నాడు తరగతిలో సమాధానం చెప్పుకోవాలి. అదీ నేర్చుకోవాల్సిన చదువే.

ఇదంతా మన బడుల స్తోమతకు మించినదని చివరి అభ్యంతరం. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. వాటిలో పెట్టి ఇచ్చినవి ప్రధానంగా వీడియో పాఠాలు. అంటే పరికరం పిల్లల చేతికి అందినప్పుడు కూడా వాళ్లను ప్రేక్షకులుగానే ఊహించుకున్నాం. కంపెనీల మీద ఆధారపడటంలోని ప్రమాదం మాత్రం నిజమైనది. సెకండ్ లైఫ్ విద్యాసంస్థలకిచ్చే సగం ధర రాయితీని 2011 జనవరి నుంచి ఆపేస్తే ఎందరో అధ్యాపకులు సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ చేతిలోని ఆల్ట్‌స్పేస్ అనే వర్చువల్ లోకం 2023లో మూతపడింది. 2024లో మొజిల్లా అలాంటిదే అయిన తన ‘హబ్స్’ను ఆపేసింది, కానీ దాని కోడ్ అందరిదీ కాబట్టి కావలసినవాళ్లు సొంతంగా నడుపుకోగలుగుతున్నారు. అందుకే కోడ్ మన చేతిలో ఉండే లోకాలనే బడి ఎంచుకోవాలి. ఫిన్లండ్‌లో పెర్తు అహోలా 2010లో మొదలుపెట్టిన ‘మైన్‌టెస్ట్’, ఇప్పటి పేరు ‘లువాంటి’, ఉచితం. పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా ల్యాబ్‌లోని ఒక కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టుకుని మిగతావాటిని దానికి కలపవచ్చు. హెడ్‌సెట్ అక్కర్లేదు. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలున్న చోట ఇలాంటి లోకాన్ని మన మాటల్లో నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు.

అలా నిలబెడితే ప్రయోజనం ఇక్కడితో ఆగదు. సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల అమెరికాలో తెలుగు నేర్చుకునే పిల్లలకు అక్షరాలు వస్తాయి, పద్యాలూ వస్తాయి. రానిది తెలుగులో బేరమాడటం, పోట్లాడటం, పని పురమాయించడం. డల్లాస్ పిల్లవాడూ వరంగల్ పిల్లా ఒకే చెరువుకట్ట వేయాలంటే ‘మట్టి అటు పొయ్యి, తూము మూసుకుపోతోంది’ అని తెలుగులో అనాల్సి వస్తుంది. అవసరం పడితేనే మాట నోటికి వస్తుంది, అవసరాన్ని పుట్టించేది కలిసి చేసే పని. అందుకే బడికి వర్చువల్ రియాలిటీ అమ్మడానికి వచ్చేవాళ్లను ప్రధానోపాధ్యాయులు, విద్యాశాఖ అధికారులు, తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో మా పిల్లలు దేన్ని మార్చగలరు? వాళ్లు చేసినదాన్ని రేపు ఎవరు చూసి, వాడుకుని, తప్పుపడతారు? మీరు దుకాణం కట్టేసిన రోజు వాళ్ల పని ఎవరి దగ్గర ఉంటుంది? మొదటి ప్రశ్నకు ‘అంతా చూడొచ్చు, నిజంలాగే ఉంటుంది’ అన్న జవాబు వస్తే ఆ డబ్బు గ్రంథాలయానికి ఇవ్వడం మేలు. మూడింటికీ సరైన జవాబు ఉంటే, దృశ్యం గడులు గడులుగా మోటుగా ఉన్నా సరే, ఒక పీరియడ్ కేటాయించి పిల్లలను పని మొదలుపెట్టనివ్వాలి.